రెండో కాగితం

పెళ్లయి నెల తిరక్కుండానే అతనికి క్యాంపు నుంచి పిలుపు వచ్చింది. ఆ కొద్దిరోజుల్లో ఆలుమగలిద్దరూ మాట్లాడుకున్న మాటలన్నీ కూడితే ఒక పోస్టుకార్డు నిండేదో లేదో. ఇద్దరికీ పడక కాదు. అతనికి ఆడవాళ్ల ముందు నోరు పెగలదు. ఆమెకు ఆ ఇల్లు ఇంకా కొత్త. "భోంచేశారా?" అని ఆమె అడిగేది. "చేశాను" అని అతను అనేవాడు. "వర్షం వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్లు" అన్నది అతను ఆమెతో మాట్లాడిన మాటల్లోకెల్లా పొడుగైనది.

అతను సిపాయి. సైన్యంలో చేరకముందు నీళ్ల మోటార్లు బాగుచేసే మెకానిక్కు దగ్గర పనిచేశాడు కాబట్టి, కొండ మీది క్యాంపులో పంపు బాధ్యత అతనికే అప్పగించారు. ఊట దగ్గర్నుంచి డేరాల దాకా నీళ్లు ఎక్కించడం, గొట్టాలు గడ్డకట్టకుండా గోనెపట్టాలు చుట్టడం, మిగతా వేళల్లో అందరిలాగే డ్రిల్లు, కాపలా.

ఆమె ఇంటికి రెండు వీధుల అవతల బైండింగ్ షాపులో పనిచేసేది. అచ్చయిన కాగితాలను మడిచి, వరస సరిచూసి, సూదీ దారంతో కుట్టి, వెన్నుకు జిగురు రాసి అట్ట వేయడం ఆమె పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గోళ్ల చుట్టూ జిగురు ఎండి తెల్లగా పొరలు లేస్తూ ఉండేది. ఇంట్లో ఉన్నది ఆమె, అత్తగారు. అత్తగారు ఆస్పత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. నోరు గట్టిది, మనసు మెత్తనిది, చూపు మాత్రం ఆనదు. అందుకని కొడుకు ఉత్తరం వస్తే కోడలు చదివి వినిపించాల్సిందే.

మొదటి ఉత్తరాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి.

"అమ్మకు నమస్కారాలు. నేను క్షేమం. ఇక్కడ చలి ఎక్కువ. భోజనానికి లోటు లేదు. మోకాళ్లకు నూనె రాసుకుంటున్నావా? వంటింటి కప్పు కారేచోట డబ్బా పెట్టడం మరిచిపోవద్దు. కోడల్ని ఒళ్లు జాగ్రత్తగా చూసుకోమని చెప్పు."

ఆ చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గిపోయేది. తన గురించి తానే, పరాయి మనిషి గురించి చదువుతున్నట్టు చదవాలి మరి.

"వాడికి సిగ్గు" అంది అత్తగారు ఒకసారి. "వాళ్ల నాన్నా అంతే. నన్ను 'ఇదిగో' అని పిలవడానికే ఏడాది పట్టింది ఆయనకి. ఆ తర్వాత మాత్రం ఊపిరి తిప్పుకోనిచ్చేవాడు కాదు."

జవాబు అత్తగారు చెబుతూ ఉంటే ఆమె రాసేది. మోకాళ్లు, కప్పు, పక్కింటివాళ్ల కొత్త తలుపు. అన్నీ అయ్యాక ఒకసారి కాగితం అడుగున కాస్త ఖాళీ మిగిలింది. అత్తగారు లోపలికి వెళ్లాక ఆమె కలం మూత పెట్టబోయి ఆగింది. చిన్న అక్షరాలతో ఇలా రాసింది: "పొద్దున లేవగానే మీకు మొదట కనబడేది ఏమిటి?" రాసిన వెంటనే కవరు అంటించేసింది. బైండింగ్ చేసే చెయ్యి కదా, ఒకసారి అంటించిందంటే ఇక ఊడి రావడమంటూ ఉండదు. మర్నాడు షాపుకు వెళ్తూ పోస్టు డబ్బాలో వేశాక, ఎందుకు రాశానా అని దారంతా సిగ్గుపడింది.

ఈసారి వచ్చిన కవరు బరువుగా ఉంది. లోపల రెండు కాగితాలు. మొదటిదాంట్లో మామూలుగానే నమస్కారాలూ, మోకాళ్లూ. రెండోదాంట్లో ఇలా ఉంది:

"నువ్వు అడిగినది రెండ్రోజులు ఆలోచించాను. లేవగానే నాకు కనబడేవి కాళ్లు. ఎదురుమంచం అతను బాగా పొడుగు. అందరం 'పొడుగు' అనే పిలుస్తాం. మంచం చాలక పాదాలు బయటికి వేలాడుతుంటాయి. కుడికాలి మేజోడుకు బొటనవేలి దగ్గర చిరుగుంది. బ్యూగిల్ మోగకముందే నాకు మెలకువ వస్తుంది కాబట్టి ఆ చిరుగులోంచి ఆ వేలు, నేను, కాసేపు ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుంటాం. తర్వాత డేరా గుడ్డ మీద వెలుగు పడుతుంది. ముందు బూడిదరంగు, ఆ తర్వాత పాలు ఎక్కువైన టీ రంగు. అప్పుడు లేచి పంపు దగ్గరికి వెళ్తాను. నేను నీళ్లు ఎక్కించకపోతే క్యాంపులో ఏ ఒక్కడూ మొహం కడుక్కోలేడు. పంపు పిడి ఎంత చల్లగా ఉంటుందంటే చెయ్యి అంటుకుపోతుంది. గుడ్డ చుట్టి పట్టుకుంటాను. ఇక నువ్వు చెప్పు. కుట్టేటప్పుడు సూది వేలికి గుచ్చుకోదా?"

"ఆ రెండోదాంట్లో ఏముంది?" అంది అత్తగారు.

"అదీ... డేరాలో ఒకాయన కాళ్ల గురించి, అత్తయ్యా."

"ఇంతదూరం నుంచి పోస్టు పెట్టి ఎవరి కాళ్ల గురించో రాశాడా?" అత్తగారు కాసేపు కోడలి మొహంకేసి చూసింది. చూపు ఆనకపోయినా ఆవిడకు కనబడాల్సింది కనబడినట్టే ఉంది. "సరేలే. అలాంటివి నువ్వే చదువుకో. నాకు మోకాళ్ల ముక్క చాలు."

అప్పట్నుంచి ప్రతి కవర్లోనూ రెండేసి కాగితాలు వచ్చేవి. ఇక్కడినుంచీ రెండేసి వెళ్లేవి. ఆమె షాపులో కత్తిరించగా మిగిలిన సన్నటి కాగితపు ముక్కల మీద రాసేది. సూది గుచ్చుకుంటుందనీ, మొదట్లో రక్తపు చుక్క ఎవరి లెక్కల పుస్తకం మీదో పడితే షాపులో అందరికన్నా పాతకాపు అయిన పెద్దక్క దాన్ని సుద్దతో మాయం చేసిందనీ రాసింది. కొత్త జిగురు వాసన అతనికి ఎలా చెప్పాలో తెలియక, "వానకు తడిసిన గోడ వాసనలో కాస్త తీపి కలిపితే ఎలా ఉంటుందో అలా" అని రాసింది.

అతను ఒక్కొక్క ఉత్తరంలో క్యాంపును కాస్త కాస్త విప్పేవాడు.

"ఈవేళ సామాను తనిఖీ. దుప్పటి మడత ఇటుకలా ఉండాలి, బూట్లలో మొహం కనబడాలి. డ్రిల్లు మాస్టారు నా బూట్లకేసి వంగి చూసి, మీసం సవరించుకుని వెళ్లిపోయాడు. అంటే పాసైనట్టు."

"మధ్యాహ్నం వంటశాలలో బంగాళాదుంపల తొక్క తీసే వంతు మాది. గుట్టంత పోశారు. 'పొడుగు' తొక్క తీస్తే దుంపలో సగం పోతుంది. వంటమనిషి నెత్తి కొట్టుకుని, నీకు తొక్క పెట్టి దుంప పారేయమంటావా అన్నాడు. నేను పల్చగా తీస్తాను. నీకెప్పుడైనా తీసిపెడతాను."

"కాపలా సమయంలో నిలబడే చోటు నుంచి కింద దారి కనబడుతుంది. పోస్టు లారీ రావడం ముందు నాకే తెలుస్తుంది. మలుపుల్లో కనబడుతూ మాయమవుతూ ఉంటుంది. అంతసేపూ నీ ఉత్తరం ఉందో లేదో అని చూపంతా దాని మీదే. శత్రువు అటునుంచి వస్తే ఆ క్షణంలో నేను చూడనైనా చూడను. ఈ మాట ఎవరికీ చెప్పకు."

"చలికి నీ పేరు రాయడానికి వేళ్లు తిరగడం లేదని పొడుగు నవ్వుతున్నాడు. నేను రాస్తుంటే అతను నా దీపానికి చెయ్యి అడ్డం పెడతాడు, గాలికి ఆరిపోకుండా. అతనికి ఉత్తరాలు రాయడానికి ఎవరూ లేరు. నీ షాపు సంగతులు అతనికీ చెబుతుంటాను. పెద్దక్క బాగున్నారా అని అడగమన్నాడు."

వానలు మొదలయ్యేనాటికి అతనికి సెలవు దొరికింది. "ఆదివారానికల్లా ఇంట్లో ఉంటాను" అన్న ఉత్తరం చూసి ఆమె కిటికీ తెరలు ఉతికింది. అత్తగారు కొడుకు దుప్పటి ఎండలో వేసింది. ఆదివారం వచ్చింది, వెళ్లింది. అతను రాలేదు. ఆ మరుసటి వారమూ ఉత్తరం లేదు. పోస్టాఫీసు గుమాస్తా ఆమెను దూరంగా చూడగానే తల అడ్డంగా ఊపడం అలవాటు చేసుకున్నాడు. షాపులో ఆమె ఒక పుస్తకాన్ని తలకిందులుగా కుట్టేసింది. పెద్దక్క కిమ్మనకుండా దారం విప్పి మళ్లీ చేతికిచ్చింది.

చివరికి మట్టి మరకలతో ఒక కవరు వచ్చింది.

"కొండచరియ విరిగి దారి మీద పడింది. క్యాంపులో అందరికీ పారలు ఇచ్చారు. పొద్దున్నించీ చీకటిపడేదాకా మట్టి తోడుతున్నాం. తోడినంత మట్టీ వానకు మళ్లీ జారి వస్తోంది. సెలవు కాగితం నా జేబులోనే ఉంది. తడిసి ముద్దయింది, అక్షరాలు అలుక్కుపోయాయి. నేను ఇంటికి రావలసిన దారిని నేనే తవ్వుకుంటున్నాను. పొడుగు అంటాడు, నువ్వు తవ్వే పద్ధతి చూస్తే కొండ ఆ పక్కన మీ ఇంటి వంటింట్లో తేలేట్టున్నావు అని. నిన్న బురదలో మోకాలిదాకా దిగబడ్డాడు. నలుగురం లాగితే అతను వచ్చాడు, బూటు రాలేదు."

ఆమె ఆ ఉత్తరం చదువుతూ నవ్వింది. నవ్వుతూ ఉండగానే కళ్లు తుడుచుకుంది.

మూడు వారాలకు అతను వచ్చాడు. చీకట్లు విచ్చుకుంటుండగా తలుపు చప్పుడైతే ఆమే తీసింది. ఎదురుగా నల్లబడి, చిక్కి, బుగ్గ మీద కొత్త గాటుతో నిలబడ్డాడు. ఇన్నాళ్లుగా కళ్లకు కట్టినట్టు ఊహించుకున్న మనిషి. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"బస్సు ఆలస్యమైందా?" అంది.

"కొంచెం" అన్నాడు.

అంతే. మళ్లీ మొదటికి వచ్చింది. టీ తాగుతారా అంటే తాగాననేవాడు. పని ఎలా ఉందంటే బాగానే ఉందనేది. కాగితం మీద అంత దగ్గరైనవాళ్లు గదిలో ఒకరికొకరు అడ్డంపడకుండా తప్పుకుంటూ తిరిగారు. ఆమె వంట చేస్తూ, ఆ వేలి గురించీ టీరంగు వెలుగు గురించీ రాసిన మనిషి ఏడని అతన్నే చూస్తూ అతని కోసమే బెంగపెట్టుకుంది. అతను హాల్లో కూర్చుని, క్యాంపులో ఉన్నప్పుడే ఆమె దగ్గరగా ఉండేదనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

అత్తగారు రెండ్రోజులు చూసింది. మూడోరోజు పళ్లెం ముందు కూర్చుని, "ఇద్దరూ చెరో ఉత్తరం రాసుకోండర్రా, నేను ఈ గదిలోంచి ఆ గదికి బట్వాడా చేస్తాను" అంది. ఇద్దరూ తలలు వంచుకుని తినేశారు.

ఆ మర్నాడు ఆమె మధ్యాహ్నం భోజనం గిన్నె మరిచిపోయి షాపుకు వెళ్లింది. "నీ కాళ్లకేమైనా చలి పట్టిందా, ఇచ్చి రా" అని తల్లి అతన్ని పంపింది.

షాపు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి నవ్వులు వినబడ్డాయి. అతను తలుపు పక్కనే ఆగాడు. బల్ల చుట్టూ నలుగురు ఆడవాళ్లు కాగితాలు మడుస్తున్నారు. మధ్యలో అతని భార్య, చేతిలో సూది, పెదాల మధ్య దారపు కొస. ఆమె కథ చెబుతోంది. గొంతు గలగలలాడుతోంది. అలాంటి గొంతు అతను ఇంట్లో ఎన్నడూ వినలేదు. ఉత్తరాల్లో మాత్రం ఎరుగును.

"అప్పుడు నలుగురూ పట్టి లాగితే" అంటోంది ఆమె, "ఆ పొడుగాయన వచ్చాడట గానీ బూటు రాలేదట. ఒంటిబూటుతో మూడురోజులు గెంతుతూ తిరిగాడట."

"మూడురోజులు కాదు" అన్నాడు అతను.

అందరూ తలలు తిప్పారు. అతని నోరు అతనికి చెప్పకుండానే తెరుచుకుంది. ఇక మూయడం కుదరలేదు.

"ఒక్కపూటే. డ్రిల్లు మాస్టారు తన పాతజోడు ఇచ్చాడు. అవి అతనికి చిన్నవి. వేళ్లు ముడుచుకుని నడిచేవాడు. మేం వెనకనుంచి చూసి నవ్వితే ఆ బూటే తీసి విసిరాడు. అది వంటమనిషి బాణలిలో పడింది."

"అది రాయలేదేం?" అంది ఆమె. దారం ఇంకా పెదాల మధ్యే ఉంది.

"కాగితం అయిపోయింది."

పెద్దక్క ఒక్కసారిగా పకపకా నవ్వింది. "ఈయనేనా, మాట్లాడరంటివి? రండి బాబూ, కూర్చోండి. ఊరికే కూర్చోకండి, ఈ కట్ట బోర్లా పడకుండా పట్టుకోండి." అతను గిన్నె పక్కన పెట్టి కాగితాల కట్ట రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె వెన్నుకు జిగురు రాసింది. కుంచె అంచు అతని వేళ్లను తాకుతూ పోయింది.

"తీపి వాసనే" అన్నాడు అతను మెల్లగా. "నువ్వు చెప్పినట్టే ఉంది."

సాయంత్రం ఇద్దరూ కలిసి నడిచి వచ్చారు. రెండు వీధుల దూరానికి పట్టకూడనంత సేపు పట్టింది. ఆ రాత్రి వంటింట్లో అతను దుంపలు తొక్క తీశాడు. తొక్క గాలికి ఎగిరేంత పల్చగా వచ్చింది. ఆమె పక్కన నిలబడి అడిగింది:

"ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదు?"

"అక్కడైతే నువ్వు నన్ను చూడవు కదా" అన్నాడు. "ఇక్కడ చూస్తున్నావు. ఏమనుకుంటావో అని."

"నేనూ అదే అనుకున్నాను."

సెలవులో మిగిలిన రోజులు ఎలా కరిగిపోయాయో ఇద్దరికీ తెలియలేదు. పొద్దున టీ దగ్గర మొదలైన మాట ఆమె షాపు గుమ్మం దాకా సాగేది, సాయంత్రం అక్కడినుంచే అందుకునేవారు. వెళ్లేరోజు బస్సు కదిలేముందు అతను కిటికీలోంచి చెయ్యి చాచాడు. ఆమె పట్టుకుంది. బస్సు నాలుగడుగులు వేసేదాకా వదల్లేదు.

ఆ తర్వాత ఉత్తరాలు తగ్గాయి. మొదటి కాగితం వస్తోంది, రెండోది పల్చబడుతోంది. ఒకసారి నాలుగే వాక్యాలు. తనను చూశాక ఏదైనా నచ్చలేదా? సూటిగానే రాసింది: "నావల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

జవాబు వెంటనే వచ్చింది.

"తప్పా? నీకు ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఇదివరకు కాగితం తీస్తే నువ్వు ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుండేది. రాయడమంటే నీ దగ్గరికి రావడమే. ఇప్పుడు కాగితం తీస్తే నువ్వు లేవని తెలుస్తోంది. నీ నవ్వు ఎలా ఉంటుందో, దారం పళ్లతో ఎలా తెంపుతావో చూశాను కదా, అవేవీ ఇందులో పట్టడం లేదు. నాలుగు ముక్కలు రాసి లేచి బయటికి వెళ్లి నిలబడతాను. పొద్దున పంపు పనిచేస్తుంది, డ్రిల్లు చేస్తాను, భోజనం చేస్తాను. అన్నీ చేస్తాను. ఏదీ మనసుకు పట్టదు. నువ్వు రాయడం మాత్రం మానకు."

ఆమె ఆ కాగితం మడిచి, వంటింట్లోకి వెళ్లి గ్యాసు తిప్పి, పొయ్యి ముట్టించడం మరిచిపోయి దాని ముందే నిలబడింది. అత్తగారు వచ్చి చూసింది.

"ఈసారి ఎవరి కాళ్ల గురించి?"

ఆమె కాగితాన్ని ఇంకో మడత మడిచింది. అత్తగారు గ్యాసు కట్టేసి, కోడలి భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది.

"క్యాంపు కింద ఊరేదో ఉందన్నాడు కదా. ఆదివారం దిగనిస్తారట కదా."

"మధ్యాహ్నం కాసేపు దిగనిస్తారట, అత్తయ్యా."

"అయితే వెళ్లు. నా మోకాళ్లు నేను చూసుకోగలను. ఆస్పత్రిలో వందమంది రోగుల్ని లేపి కూర్చోబెట్టాను, నన్ను నేను లేపుకోలేనా?"

పెద్దక్క షాపులో ఆమె వంతు పని తాను కుడతానంది. వస్తున్నానని అతనికి ముందే ఉత్తరం వేసి, శనివారం ఆమె బస్సెక్కింది. ఒక బస్సు దిగి ఇంకొకటి, అది దిగి కొండల్లోకి వెళ్లే చిన్నబస్సు. దారికి ఒక పక్క ఎర్రమట్టి గోడలా నిలబడ్డచోట బస్సు నెమ్మదించింది. పారల గాట్లు ఇంకా కనబడుతున్నాయి. ఆమె అద్దానికి మొహం ఆనించి ఆ గోడ దాటిపోయేదాకా చూసింది. ఇందులో ఏ గాటు ఎవరిదో ఎలా తెలుస్తుంది?

కింది ఊరు ఒకే ఒక్క వీధి. రెండు టీకొట్లు, టైర్లు బాగుచేసే షెడ్డు, పైన గదులు అద్దెకిచ్చే ఒక మేడ. ఆదివారం మధ్యాహ్నం లారీ వచ్చి ఆగగానే సిపాయిలు దూకారు. అందరి తలల మీదుగా ఒక తల కనబడింది. ఆ పొడుగాయన ఆమెను చూడగానే గుర్తుపట్టినట్టు, వెనక్కి తిరిగి ఎవరినో ముందుకు తోశాడు.

"పెద్దక్క బాగున్నారా అండీ?" అని మాత్రం అడిగి, సమాధానం కోసం ఆగకుండా టీకొట్టులోకి వెళ్లిపోయాడు.

ఈసారి బస్సు ఆలస్యమైందా అని ఎవరూ అడగలేదు. ఆ మేడ మీద ఆమె తీసుకున్న గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, కొండవైపు కిటికీ. ఇద్దరూ మంచం అంచునే పక్కపక్కన కూర్చున్నారు. ఒకరి మాట ఒకరు అందుకుంటూ గడిపారు. పంపు పిడి పట్టి పట్టి అతని అరచేతిలో కాయలు కాశాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే వేలితో తడిమింది.

"అవిగో" అన్నాడు అతను కిటికీ దగ్గర నిలబడి. దూరంగా కొండ భుజం మీద పిడికెడు బఠాణీలు చల్లినట్టు డేరాలు.

"మీది ఏది?"

అతను చాలాసేపు వేలుపెట్టి వెతికాడు. "ఇక్కణ్నుంచి నాకూ తెలీడం లేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

"ఇక్కడ ఇల్లు దొరుకుతుందా?" అంది ఆమె. "అద్దెకి."

అతను తిరిగి చూశాడు.

"కాగితాలు కుట్టే పని ఎక్కడైనా ఉంటుంది. లేకపోతే బట్టలు కుడతాను. అత్తయ్యకి చలి పడదనుకోండి. ముందు ఆవిణ్ని అడగాలి."

"ఆఫీసరుగారిని నేనూ అడగాలి" అన్నాడు. "ఒప్పుకోకపోవచ్చు."

"అడగండి."

లారీ హారను మోగింది. అతను బెల్టు సరిచేసుకుని మెట్లు దిగాడు, మధ్యలో ఆగి పైకి చూశాడు, మళ్లీ దిగాడు. ఆమె కిటికీలోంచే చూసింది. లారీ మలుపుల్లో మాయమవుతూ, ఇంకా పైన ఇంకా చిన్నగా తేలుతూ వెళ్లి ఇక కనబడలేదు. కాసేపటికి డేరాల మధ్యనుంచి పొగ లేచింది. వంటశాల అయి ఉంటుంది. ఇప్పుడు పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు. వరసలో అతను ముందున్నాడో వెనకున్నాడో.

కింద టీకొట్టు ఆవిడ పైకి వచ్చి తలుపు తట్టింది. "భోజనం తీసుకురానా అమ్మా?"

"ఒక్క పది నిమిషాలు ఆగి తీసుకురండి" అంది ఆమె, కిటికీ వదలకుండానే. "ఈ ఊళ్లో అద్దెలు ఎలా ఉంటాయండీ?"